చెవి దగ్గరి మాట, ఫైలు మీది సంతకం

అమీర్‌పేట, పంజగుట్ట అనగానే కోచింగ్ సెంటర్లు, బట్టల దుకాణాలు, మెట్రో వంతెన కింద నిలిచిపోయిన వాహనాలు గుర్తుకు రావడం సహజమే గాని, రాష్ట్ర ప్రభుత్వమనే యంత్రాంగం ఎట్లా నడుస్తుందో తెలుసుకోగోరే పాఠకుడికి హుస్సేన్‌సాగర్ ఒడ్డునున్న సచివాలయం కన్నా ఈ రెండు పేటల పరిసరాల్లోనే ఎక్కువ విషయం దొరుకుతుంది. పంజగుట్ట చౌరస్తా నుంచి ఖైరతాబాదు వైపు సాగితే ఎర్రమంజిల్ గుట్ట పరిసరాల్లో నీటిపారుదల శాఖ ప్రధాన కార్యాలయమైన జలసౌధ, రోడ్లు భవనాల శాఖ ఇంజనీర్-ఇన్-చీఫ్ కార్యాలయం, పౌర సరఫరాల భవన్ ఉంటాయి. బేగంపేట వైపు మళ్లితే ముఖ్యమంత్రి నివాసంగా ఉండిన ఒకప్పటి ప్రగతి భవన్, నేటి ప్రజాభవన్ వస్తుంది. సోమాజిగూడలో రాజ్‌భవన్‌గా పేరుపొందిన గవర్నరు నివాసం ఉంది. అమీర్‌పేట మైత్రీవనాన్ని ఆనుకొన్న స్వర్ణజయంతి కాంప్లెక్స్‌లో హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ, అంటే జనం హెచ్.ఎం.డి.ఎ. అని పిలిచే సంస్థ, ఏళ్ల తరబడి నడుస్తూ వచ్చింది. ఎవరి పేరిట ఉత్తర్వులు వెలువడతాయో ఆ వ్యక్తి, ఎవరు నిర్ణయిస్తారో వారి ఒకప్పటి కొలువు, ఆ నిర్ణయాన్ని పనిగా మార్చే శాఖలు, ఆ పనికి అనుమతి ఇవ్వవలసిన సంస్థ కొద్ది కిలోమీటర్ల లోపలే ఇమిడి ఉండడం ఇక్కడి విశేషం.

ఎర్రమంజిల్ అనే పేరే ఒక మంత్రి ఇంటిది. నిజాం ప్రభుత్వంలో న్యాయశాఖ బాధ్యతలు చూసిన నవాబు ఫక్రుల్ ముల్క్ ఈ భవనాన్ని సుమారు 1870 ప్రాంతంలో కట్టించుకొన్నాడని చెబుతారు. ఆ కాలానికి హైదరాబాదు రాజ్యంలో శాఖలనేవి ఇంకా కొత్త. 1853 నుంచి 1883 దాకా దివానుగా ఉన్న మొదటి సాలార్‌జంగ్‌కు ముందు భూమిశిస్తు వసూలు చాలావరకు గుత్తేదారుల చేతుల్లో ఉండేది. ప్రభువుకు దగ్గరగా మసలేవాడికే అధికారం దక్కేది. ఏ పని ఎవరిదన్న ప్రశ్నకు నిలకడైన జవాబు ఉండేది కాదు. సాలార్‌జంగ్ 1865లో జిలాబందీ పేరుతో రాజ్యాన్ని జిల్లాలుగా విడదీసి జీతగాళ్లయిన అధికారులను నియమించి, 1868లో న్యాయం, రెవెన్యూ, పోలీసు, ఇతర వ్యవహారాలు అనే నాలుగు విభాగాలకు సదర్-ఉల్-మహాం అనే హోదాతో నలుగురు మంత్రులను ఏర్పరిచాడు. దివాను ఒక్కడే అన్నీ చూసుకొనే పద్ధతి పోయి, ప్రతి వ్యవహారానికీ ఒక కచేరీ, ఒక బాధ్యుడు, ఒక దస్త్రం ఏర్పడ్డాయి.

ఈ ఏర్పాటు విలువ ఏమిటో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పరిపాలనలోని ఒక ఐదేళ్ల ముచ్చట తెలుపుతుంది. ఆయన 1914లో దివాను పదవిని పక్కన పెట్టి తానే నేరుగా పాలించడానికి పూనుకొన్నాడు. 1919కి వచ్చేసరికి సర్ అలీ ఇమాం అధ్యక్షుడిగా బాబె హుకూమత్ అనే కార్యనిర్వాహక మండలిని ఏర్పాటు చేయక తప్పలేదు. ఆ మండలిలో ఒక్కొక్క సభ్యుడికి కొన్ని శాఖలు అప్పగించారు. రాజరికానికి హద్దు గీసే ఎన్నికైన శాసనసభ లేని రాజ్యంలో కూడా ప్రభువు తన పక్కన శాఖల వారీ బాధ్యులను పెట్టుకోవలసి వచ్చిందంటే, అది ఆయన ఔదార్యం కన్నా పని భారం తెచ్చిన ఒత్తిడి అనుకోవడమే న్యాయంగా ఉంటుంది.

నేటి భారతదేశంలో ఈ వ్యవస్థకు రాజ్యాంగమే పునాది. రాష్ట్ర కార్యనిర్వాహక చర్యలన్నీ గవర్నరు పేరిటే జరగాలని 166వ అధికరణం చెబుతుంది. ఆ ఉత్తర్వులు ఎట్లా ధ్రువీకరించాలో, ఏ పని ఏ మంత్రికి కేటాయించాలో తెలిపే నియమావళిని గవర్నరు రూపొందిస్తారని కూడా అదే అధికరణం నిర్దేశిస్తుంది. సచివాలయ ఉద్యోగులు బిజినెస్ రూల్స్ అని పిలిచే ఈ నియమావళి సామాన్య పాఠకుడికి ఎప్పుడూ కనిపించదు, అయినా ప్రభుత్వమంటే ఆచరణలో అదే. కేంద్రంలో రాష్ట్రపతికి 77వ అధికరణం కింద ఇటువంటి నియమాలే 1961 నుంచి అమల్లో ఉన్నాయి. రాష్ట్రపతి గాని, గవర్నరు గాని మంత్రిమండలి సహాయంతో, సలహాతో నడుచుకోవాలన్నది 74, 163 అధికరణాల సారాంశం. ఇక్కడ సలహా అంటే విన్నా వినకున్నా సరిపోయే మాట కాదు, రాజ్యాంగం నేరుగా గవర్నరు విచక్షణకు వదిలిన కొద్ది సందర్భాలను మినహాయిస్తే కట్టుబడి తీరవలసిన నిర్ణయం. సలహాదారు అనే హోదాలోని సలహాకు ఆ కట్టుబాటు లేదు. ఒకే మాటను రెండు అర్థాల్లో వాడుతున్నందువల్ల పత్రికల్లో, చర్చల్లో తరచు గందరగోళం ఏర్పడుతోంది గనుక ఈ తేడాను మొదటే గుర్తుంచుకోవడం మంచిది.

శాఖ అన్నది కూడా నిజానికి రెండు అంతస్తుల ఏర్పాటు. సచివాలయంలో మంత్రి కింద ముఖ్య కార్యదర్శి లేదా కార్యదర్శి నడిపే విభాగం విధానాన్ని రూపొందిస్తుంది. సచివాలయం బయట కమిషనర్, డైరెక్టర్ లేదా ఇంజనీర్-ఇన్-చీఫ్ అధిపతిగా ఉండే కార్యాలయం ఆ విధానాన్ని అమలు చేస్తుంది. ఎర్రమంజిల్ పరిసరాల్లో కనిపించే కార్యాలయాలు ఈ రెండో రకానివి. పౌర సరఫరాల శాఖనే ఉదాహరణగా తీసుకొంటే, 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకాన్ని తెచ్చినప్పుడు దానిని ప్రకటించడానికి ఒక సభ చాలింది గాని, ధాన్యం కొనుగోలు, మిల్లింగు, గోదాములు, లారీలు, కార్డుల జాబితా, డీలరు దగ్గర తూకం, ఆర్థికశాఖ భరించవలసిన రాయితీ లెక్క అన్నవి ఏళ్ల తరబడి సాగవలసిన పనులు. వాటిని కమిషనర్ కార్యాలయం, 1974లో ఏర్పడిన పౌర సరఫరాల సంస్థ, జిల్లా పౌర సరఫరాల అధికారి, తహసీల్దారు, చివరికి చౌకధరల దుకాణం వరకు ఒక గొలుసుగా మోశాయి. ఆ పథకానికి తర్వాతి ముఖ్యమంత్రులు పేర్లూ ధరలూ మార్చారు. గొలుసును మాత్రం ఎవరూ మార్చలేదు.

ఒక నిర్ణయం పుట్టే తీరు ఇట్లా ఉంటుంది: కింది కార్యాలయం నుంచి వచ్చిన ప్రతిపాదన సచివాలయంలోని సంబంధిత సెక్షన్‌కు చేరగానే అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసరు దానిమీద నోట్ పెడతారు, వచ్చిన ఉత్తరాలు కరెంట్ ఫైల్‌లోకీ, అధికారుల అభిప్రాయాలు నోట్ ఫైల్‌లోకీ చేరతాయి, సెక్షన్ ఆఫీసరు, డిప్యూటీ కార్యదర్శి, కార్యదర్శి ఒకరి తర్వాత ఒకరు తమ మాట రాసి మంత్రికి పంపుతారు, ఖర్చు ఉన్నచోట ఆర్థికశాఖ సమ్మతి, చట్టపు చిక్కు ఉన్నచోట న్యాయశాఖ అభిప్రాయం తీసుకోవాలి, అంశం పెద్దదైతే ముఖ్యమంత్రి ద్వారా మంత్రిమండలి ముందుకు వెళ్తుంది. అన్నీ పూర్తయ్యాక గవర్నరు పేరిట కార్యదర్శి సంతకంతో జీ.వో. వెలువడుతుంది. విధానపరమైన, నిలవ ఉంచుకోవలసిన ఉత్తర్వులకు ఎం.ఎస్. అనీ, రోజువారీ వ్యవహారాలకు ఆర్.టి. అనీ వరుస సంఖ్యలు వేస్తారు. ఈ ప్రయాణమంతా జాప్యమేనని విసుక్కోవడం సులభం, అందులో చాలా భాగం నిజంగా జాప్యమే కూడా. కాని తక్కిన భాగం, ఎవరు ఏమన్నారో, ఎవరు అడ్డు చెప్పారో, ఆ అడ్డును ఎవరు తోసిపుచ్చారో తర్వాత ఎవరైనా చదవగలిగేలా మిగిల్చే సాక్ష్యం. న్యాయస్థానం గాని, ఆడిట్ అధికారి గాని, సమాచార హక్కు కింద అర్జీ పెట్టిన పౌరుడు గాని ప్రభుత్వాన్ని ప్రశ్నించగలిగేది ఆ కాగితం ఉన్నప్పుడే.

ఈ గొలుసులో సలహాదారు ఎక్కడ ఉంటారన్న ప్రశ్నకు అమెరికా అధ్యక్ష వ్యవస్థలోని అనుభవం కొంత దారి చూపుతుంది. అక్కడ 15 కార్యనిర్వాహక శాఖలకు అధిపతులైన కార్యదర్శులను అధ్యక్షుడు నియమించినా సెనేట్ ఆమోదం కావాలి. జాతీయ భద్రతా సలహాదారు వంటి శ్వేతసౌధపు ఆంతరంగికులకు ఆ ఆమోదం అక్కర్లేదు. అధ్యక్షుడికి తోడుగా ఒక కార్యనిర్వాహక కార్యాలయం కావాలని బ్రౌన్‌లో కమిటీ సూచించిన మీదట 1939లో అది ఏర్పడింది. అప్పటినుంచి శాఖాధిపతికీ ఆంతరంగిక సలహాదారుకూ మధ్య పోటీ అక్కడి రాజకీయాల్లో నిత్యవిషయమైంది. ఒకరి వెనుక వేలమంది ఉద్యోగులు, బడ్జెట్టు, చట్టం ఇచ్చిన అధికారం ఉంటాయి. మరొకరికి అధ్యక్షుడి గది తలుపు ఎప్పుడూ తెరిచి ఉంటుంది.

తెలుగు రాష్ట్రాల్లో సలహాదారు పదవికి రాజ్యాంగంలో చోటు లేదు. సాధారణ పరిపాలన శాఖ ఇచ్చే ఒక జీ.వో.తో అది పుడుతుంది, మరొక జీ.వో.తో ముగుస్తుంది. మంత్రి గవర్నరు ఎదుట పదవీ ప్రమాణం, గోప్యతా ప్రమాణం చేస్తారు, శాసనసభకు జవాబు చెబుతారు. సలహాదారుకు ఆ రెండు బాధ్యతలూ లేవు, కేబినెట్ హోదా ఇచ్చినా అది జీతభత్యాల, మర్యాదల లెక్కే తప్ప ఫైలు మీద తుది సంతకం చేసే హక్కు కాదు. ఉమ్మడి రాష్ట్రంలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి హయాంలో ప్రజావ్యవహారాల సలహాదారుగా ఉన్న కె.వి.పి. రామచంద్రరావు, విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి 2024 దాకా అదే హోదాలో ఉన్న సజ్జల రామకృష్ణారెడ్డి వంటి వారి పేర్లు చాలామంది మంత్రుల పేర్లకన్నా ఎక్కువగా జనం నోట నానాయి. తెలంగాణలో 2014 తర్వాత నీటిపారుదల సలహాదారుగా ఆర్. విద్యాసాగర్‌రావు, సంస్కృతీ వ్యవహారాలకు కె.వి. రమణాచారి, పదవీవిరమణ తర్వాత ముఖ్య సలహాదారుగా తొలి ప్రధాన కార్యదర్శి రాజీవ్‌శర్మ నియమితులయ్యారు. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారిన రెండు రోజులకే అప్పటికి ఉన్న సలహాదారుల నియామకాలను రద్దు చేశారు. కొద్ది వారాలకే, 2024 జనవరిలో, కొత్త ప్రభుత్వం తన సలహాదారులను కేబినెట్ హోదాతో నియమించుకొంది. శాఖల కార్యదర్శులకు బదిలీలు జరిగాయి గాని శాఖలు రద్దు కాలేదు.

ఈ పదవులన్నీ ఒక్క తీరువి కావు. విద్యాసాగర్‌రావు కేంద్ర జల సంఘంలో చీఫ్ ఇంజనీరుగా పనిచేసినవారు, నదీజలాల్లో తెలంగాణ వాటా గురించి రాష్ట్రం రాకముందు నుంచే ఏళ్ల తరబడి రాసినవారు. జలసౌధలోని ఇంజనీర్లకు ఆయన భాష తెలుసు, ఆయనకు వారి భాష తెలుసు. అటువంటి సలహాదారు చెప్పిన మాట శాఖలోకి వెళ్లి అంచనాగా, డిజైనుగా, టెండరుగా మారగలదు. రాజకీయ సర్దుబాటు కోసం ఇచ్చే సలహాదారు పదవి వేరు. 2003లో వచ్చిన 91వ రాజ్యాంగ సవరణ ప్రకారం రాష్ట్ర మంత్రిమండలి శాసనసభ సభ్యుల సంఖ్యలో 15 శాతానికి మించకూడదు గనుక, 119 స్థానాలున్న తెలంగాణలో ముఖ్యమంత్రితో కలిపి 18 మందికే అవకాశం ఉంది. మంత్రి పదవి ఇవ్వలేనివారికి మరో గౌరవం వెతకవలసిన అవసరం అక్కడినుంచే మొదలైంది. 2014 చివర నియమించిన ఆరుగురు పార్లమెంటరీ కార్యదర్శులను హైకోర్టు 2015లో నిలిపివేయడంతో ఆ దారి మూసుకుపోయింది. సలహాదారు దారి మాత్రం తెరిచే ఉంది. ఈ రెండు రకాలనూ ఒకే గాటన కట్టి సలహాదారులంతా దండగని తిట్టడం గాని, అంతా నిపుణులేనని మెచ్చుకోవడం గాని సరికాదు.

శాఖల మెట్లు దాటేసి నిర్ణయం పైనుంచి నేరుగా దిగితే ఏమవుతుందో 2019లో ఎర్రమంజిల్ భవనం విషయంలోనే తేలింది. ఆ యేడాది జూన్ 18న తెలంగాణ మంత్రిమండలి ఆ స్థలంలో కొత్త శాసనసభ కట్టాలని నిర్ణయించింది, జూన్ 27న శంకుస్థాపన కూడా జరిగింది. పాత భవనాన్ని కూల్చవలసి వస్తుందన్న కారణంతో పలువురు కోర్టుకు వెళ్లారు. సెప్టెంబరు 16న హైకోర్టు ధర్మాసనం ఆ మంత్రిమండలి నిర్ణయాన్ని కొట్టివేసింది. రాజధానిలోని వారసత్వ కట్టడానికి వర్తించే నిబంధనలను పరిశీలించకుండా, హెచ్.ఎం.డి.ఎ. అనుమతి తీసుకోకుండా నిర్ణయం చేశారన్నది అందులో ప్రధానమైన అభ్యంతరం. రాష్ట్రంలో అత్యున్నతమైన నిర్ణయాధికార మండలి చెప్పిన మాట నిలవకపోవడానికి కారణం అమీర్‌పేటలోని ఒక కార్యాలయం నుంచి రావలసిన కాగితం రాకపోవడం. ముఖ్యమంత్రి కోరిక ఎంత బలమైనదైనా, ఫలానా నిబంధన అడ్డు వస్తోందని నోట్ ఫైల్‌లో రాయగల అధికారి, ఆ రాతను చదివి ఆగగల నాయకుడు ఉంటే ఈ వ్యవహారం కోర్టు దాకా పోనక్కర్లేకపోయేది.

ముఖ్యమంత్రి నివాస కార్యాలయాల కథ కూడా దీనికి దగ్గరిదే. బేగంపేట దారిలో 2016 నవంబరులో ప్రారంభమైన ప్రగతి భవన్‌లోనే ముఖ్యమంత్రి సమీక్షలు చాలావరకు జరగడంతో, సచివాలయం వెనకబడి కొలువు ముందుకు వచ్చిందన్న విమర్శ బయలుదేరింది. 2023 డిసెంబరులో దాని ముందున్న ఇనుప కంచెలు తొలగించి జ్యోతిరావు ఫూలే ప్రజాభవన్ అని పేరు మార్చి, ప్రజావాణి పేరిట మంగళ, శుక్రవారాల్లో అర్జీలు తీసుకోవడం మొదలుపెట్టారు. తెల్లవారకముందే జిల్లాల నుంచి వచ్చి వరుసలో నిలబడినవారి అర్జీని అక్కడ నమోదు చేసి, భూమి తగాదా అయితే రెవెన్యూకు, ఇల్లు అయితే గృహనిర్మాణానికి, పింఛను అయితే గ్రామీణాభివృద్ధికి పంపుతారు. అంటే అర్జీ ప్రజాభవన్ దాకా వచ్చి తిరిగి అదే శాఖ గుమ్మానికి చేరుతుంది. తేడా అల్లా, పైనుంచి ఒకరు అడుగుతున్నారన్న భయం శాఖకు పట్టుకోవడం. ఆ భయం కొన్నాళ్లు పనిచేస్తుంది. తహసీల్దారు కార్యాలయంలోనే పని అయ్యే ఏర్పాటు దానికన్నా ఎక్కువ కాలం పనిచేస్తుంది.

మంత్రిమండలి అన్నదే లేకుండా సలహాదారులు, శాఖలు మాత్రమే ప్రభుత్వాన్ని నడిపిన సందర్భం కూడా ఈ నగరానికి తెలుసు. రాష్ట్ర విభజనను నిరసిస్తూ ముఖ్యమంత్రి ఎన్. కిరణ్‌కుమార్‌రెడ్డి 2014 ఫిబ్రవరి 19న రాజీనామా చేశాక, మార్చి 1 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన అమల్లోకి వచ్చింది. 356వ అధికరణం కింద రాష్ట్ర ప్రభుత్వ అధికారాలు రాష్ట్రపతికి చేరి, ఆయన తరఫున గవర్నరు ఇ.ఎస్.ఎల్. నరసింహన్ పాలన చేపట్టారు. రాజస్థాన్ మాజీ ప్రధాన కార్యదర్శి సలావుద్దీన్ అహ్మద్, మహారాష్ట్ర పోలీసు మాజీ అధిపతి ఎ.ఎన్. రాయ్ ఆయనకు సలహాదారులుగా వచ్చారు. మామూలు రోజుల సలహాదారుకు వీరికీ పోలిక లేదు, ఎందుకంటే మంత్రుల దగ్గరికి వెళ్లవలసిన ఫైళ్లు ఇప్పుడు వీరి దగ్గరికి వెళ్లేవి. 294 స్థానాల శాసనసభకు ఎన్నికలు నిర్వహిస్తూనే, జూన్ 2 లోపల ఒక రాష్ట్రపు ఫైళ్లు, ఉద్యోగులు, అప్పులు, ఆస్తులు రెండుగా పంచే ఏర్పాటు చేయవలసిన మూడు నెలలవి. ఆస్తులు అప్పుల పంపకంలో జనాభా ప్రకారం ఆంధ్రప్రదేశ్‌కు 58.32, తెలంగాణకు 41.68 శాతం అనే నిష్పత్తిని విస్తృతంగా వాడారు. రాష్ట్రస్థాయి ఉద్యోగుల పంపిణీకి కమలనాథన్ కమిటీ, అఖిల భారత సర్వీసు అధికారులకు ప్రత్యూష్ సిన్హా కమిటీ పనిచేశాయి. ఇద్దరు సలహాదారులు ఎంత అనుభవజ్ఞులైనా ఏ శాఖలో ఏ సెక్షన్‌కు ఏ దస్త్రాలున్నాయో లెక్క తేల్చి కట్టలు కట్టింది మాత్రం ఆ సెక్షన్ల ఉద్యోగులే.

ఆ విభజన చట్టంలోని 8వ సెక్షన్ సలహాదారు వ్యవస్థకు మరో పరీక్ష పెట్టింది. పదేళ్ల ఉమ్మడి రాజధానిగా ఉండే మహానగరపాలక సంస్థ పరిధిలో, అంటే అమీర్‌పేట, పంజగుట్టలతో సహా, ప్రజల ప్రాణానికి, స్వేచ్ఛకు, ఆస్తికి రక్షణ విషయంలో గవర్నరుకు ప్రత్యేక బాధ్యత ఉంటుందనీ, తెలంగాణ మంత్రిమండలిని సంప్రదించిన తర్వాత ఆయన సొంత నిర్ణయం తీసుకోవచ్చనీ, కేంద్రం నియమించే ఇద్దరు సలహాదారులు ఆయనకు తోడ్పడతారనీ ఆ సెక్షన్ చెప్పింది. కాగితం మీద చూస్తే అది చిన్న అధికారం కాదు. 2014 ఆగస్టులో కేంద్ర హోంశాఖ దాన్ని ఆచరణలో పెట్టే మార్గదర్శకాలు పంపగా తెలంగాణ ప్రభుత్వం గట్టిగా ప్రతిఘటించింది. పోలీసు కమిషనర్, స్టేషన్ హౌస్ ఆఫీసరు, వారి జీతాలు, బదిలీలు రాష్ట్ర హోంశాఖ చేతిలోనే ఉన్నందువల్ల శాంతిభద్రతల విషయంలో ఆ సెక్షన్ దాదాపు నిద్రాణంగానే ఉండిపోయింది. గవర్నరుకు సలహాదారులుండవచ్చునని చట్టం అన్నది గాని, ఆ సలహాను మోసుకుపోయే శాఖ ఏదీ ఆయన కింద లేదు.

భవనాల విషయంలో మాత్రం అదే సెక్షన్ పనికి వచ్చింది. 2019 జూన్ 2న గవర్నరు ఉమ్మడి సచివాలయంలో ఆంధ్రప్రదేశ్ అధీనంలో ఉండి వాడుకలో లేని భవనాలను తెలంగాణకు అప్పగిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. కోరింది ఒక ప్రభుత్వం, ఒప్పుకొన్నది మరొక ప్రభుత్వం, తాళాలు ఇచ్చి పుచ్చుకొనే యంత్రాంగం రెండు వైపులా సిద్ధంగా ఉంది గనుక ఆ ఉత్తర్వు చిక్కు లేకుండా అమలైంది. మరుసటి యేడు ఆ భవనాలను కూల్చి కొత్త సచివాలయం పని మొదలుపెట్టారు. 2024 జూన్ 2తో ఉమ్మడి రాజధాని గడువు తీరి, సెక్షన్ 8తోబాటు గవర్నరుకు ఇద్దరు సలహాదారులన్న ఏర్పాటూ ముగిసింది. ఎర్రమంజిల్ జలసౌధలో మాత్రం, అదే విభజన చట్టం సృష్టించిన కృష్ణా నదీ యాజమాన్య బోర్డు రెండు రాష్ట్రాల నీటిపారుదల శాఖల లెక్కలు సరిచూసే పని ఇంకా మిగిలే ఉంది.